ఫోన్ నీదే, లోపల ఉన్నది మాత్రం ఊరంతా

ఇది చదివే ముందు మీ ఫోన్‌లో గ్యాలరీ ఒకసారి తెరిచి చూడండి. పిల్లల ఫొటోలు, జాతర ఫొటోలు, పెళ్లి ఫొటోలు ఉంటాయి, సరే. వాటి మధ్య ఇంకేమున్నాయి? పోడు పట్టాకు దరఖాస్తు పెట్టుకున్నోళ్ల ఆధార్ కార్డులు. బ్యాంకు పాసుబుక్కుల మొదటి పేజీలు. గ్రామసభ రిజిస్టర్‌లో సంతకాలు, వేలిముద్రలు ఉన్న పేజీలు. ఫారెస్టోళ్లు ట్రాక్టర్లు తెచ్చిన రోజు ఎదురు నిలబడ్డ ఆడవాళ్ల మొహాలు. ఇప్పుడు కాంటాక్ట్ లిస్టు తెరవండి. మీటింగుకు వచ్చినోళ్లకు అన్నం పెట్టిన ఇల్లు, రాత్రి పడుకోవడానికి చోటిచ్చిన ఇల్లు, జీపు మాట్లాడిన తమ్ముడు, కరపత్రం అచ్చు వేయించిన మిత్రుడు. అందరూ ఉన్నారు, పేర్లతో, ఊర్లతో సహా. ఎవరు వంట చేస్తారో, ఎవరు చందా ఇస్తారో పేరు పక్కనే మనమే రాసిపెట్టుకున్నాం.

ఇందులో మీ సొంతం ఎంత? నిజాయితీగా లెక్క కట్టండి. చాలా కొద్దిగా తేలుతుంది. మిగతాదంతా ఊరిది.

మా దగ్గర జరిగిన ఒక సంగతి చెప్తాను. ఊరి పేరు, మనిషి పేరు రాయను. ఎందుకు రాయనో చివరికొచ్చేసరికి మీకే అర్థమవుతుంది. మాతో తిరిగే ఒక తమ్ముణ్ని చిన్న గొడవ మీద స్టేషన్‌కు పిలిచారు. ఫోన్ అడిగారు. మనోడు నిజాయితీపరుడు. "నా ఫోన్ల ఏముంది సార్, చూసుకోండ్రి" అని లాక్ తీసి మరీ ఇచ్చాడు. సాయంత్రానికి ఇంటికి పంపేశారు. కేసు పెట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. ఫోన్ మాత్రం కొన్ని వారాల తర్వాత వచ్చింది. ఈలోపు మా గ్రూపులో ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికి కాల్స్ మొదలయ్యాయి. "ఆ మీటింగుకు ఎందుకు పోయినవ్? ఎవరు రమ్మన్నరు? మీ పిల్లగాడు హాస్టల్ల చదువుతుండు కదా?" ఆ రోజు వంట వండిన ఒక ముసలవ్వకు కూడా కాల్ పోయింది. అవ్వ చేసిన నేరం పప్పు వండడం. మరుసటి మీటింగుకు సగం మందే వచ్చారు. అవ్వ రాలేదు. తమ్ముడు కనిపిస్తే ఆమె మొహం తిప్పుకుంటుంది. ఆ బాధ నుంచి వాడు ఇప్పటికీ కోలుకోలేదు.

లాఠీ లేవలేదు, జైలు తలుపు తెరుచుకోలేదు. అయినా మీటింగు సగమైంది. నిఘా పని చేసేది ఇలాగే.

"తప్పు చేయనోడికి భయమెందుకు?" అని పోలీసులు అంటారు. వాళ్లు అంటే అన్నారు, మన సంఘాల్లో పెద్దలూ అదే మాట వేరే రకంగా అంటారు. "మనం బహిరంగంగా పోరాడేటోళ్లం. రాజ్యాంగం ఇచ్చిన హక్కు అడుగుతున్నం. మనకు దాపరికం దేనికి?" వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. కానీ ఆ మాట అన్న అన్న పేరు పేపర్లో వస్తుంది. ఆయన్ని పట్టుకుంటే హైదరాబాద్ నుంచి లాయర్ వస్తాడు, నలుగురు ప్రొఫెసర్లు ప్రకటన ఇస్తారు. పప్పు వండిన అవ్వకు ఎవరొస్తారు? మన దాపరికం లేనితనానికి వెల కట్టేది మనం కాదు, అవ్వ. ఆమెను అడగకుండా ఆమె పేరును పణంగా పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

బహిరంగం వేరు, అజాగ్రత్త వేరు. గ్రామసభ తీర్మానం బహిరంగంగా ఉండాలి. డప్పు కొట్టి చెప్పాలి, కలెక్టరాఫీసు గోడ మీద అంటించాలి. అటవీ హక్కుల చట్టం 2006, పెసా 1996 గ్రామసభకు ఇచ్చిన బలం ఆ బహిరంగతలోనే ఉంది. కానీ ఆ తీర్మానం వెనుక ఎవరు ఎవరింట్లో కూర్చుని మాట్లాడుకున్నారు, ఎవరు ముందు భయపడి తర్వాత ధైర్యం తెచ్చుకున్నారు, ఎవరి కొడుకు ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి కూడా చందా ఇచ్చాడు, ఇవి డప్పు కొట్టే విషయాలు కావు. ఓటు వేసే పెట్టె చుట్టూ అట్ట ఎందుకు పెడతారు? ఓటు వేయడం నేరం కాబట్టి కాదు కదా.

తప్పు చేయనివాడికి భయం అక్కర్లేదనే మాట ఎంత అబద్ధమో తెలియాలంటే ఫాదర్ స్టాన్ స్వామిని గుర్తు చేసుకోండి. రాంచీ దగ్గర బగైచాలో ఉంటూ, నక్సలైట్లని ముద్ర వేసి జైళ్లలో కుక్కిన ఆదివాసీ యువకుల లెక్క తీసిన మనిషి. ఆ విచారణ ఖైదీల కోసం జార్ఖండ్ హైకోర్టుకు వెళ్లిన మనిషి. 2019 జూన్ 12న పుణె పోలీసులు ఆయన కంప్యూటర్ పట్టుకెళ్లారు. 2020 అక్టోబర్ 8న ఎన్ఐఏ అరెస్టు చేసింది. పార్కిన్సన్ జబ్బుతో చేతులు వణికే ఆ ముసలాయన నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ కావాలని కోర్టును అడుక్కోవాల్సి వచ్చింది. 2021 జూలై 5న, బెయిల్ రాకుండానే, 84 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఆయన కంప్యూటర్ కాపీని ఆయన తరఫు లాయర్ల కోసం పరీక్షించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2022 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చింది. 2014 అక్టోబర్ నుంచి 2019 జూన్‌లో పోలీసులు పట్టుకెళ్లేదాకా, దాదాపు ఐదేళ్లు, ఎవరో ఆ కంప్యూటర్‌లో దూరి ఉన్నారని ఆ నివేదిక చెప్పింది. ఆయన ఎన్నడూ తెరవని 40కి పైగా ఫైళ్లను లోపల పెట్టారని చెప్పింది. పోలీసులు రావడానికి ముందు రాత్రి, దూరిన ఆనవాళ్లు చెరిపే ప్రయత్నం జరిగిందని కూడా చెప్పింది. సోదా మర్నాడని ఆ దూరినవాడికి ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

అదే భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్ మీద అదే సంస్థ 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికా అలాంటిదే. 2016 జూన్‌లో ఒక ఈమెయిల్ వచ్చింది. పంపినట్టు కనిపించింది వరవరరావు ఖాతా నుంచి. నమ్మిన మనిషి పంపాడు కదా అని విల్సన్ అందులోని ఫైలు తెరిచాడు. నెట్‌వైర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ లోపలికి దూరింది. తర్వాత దాదాపు రెండేళ్లపాటు ఆ లాప్‌టాప్ ఆయనకు తెలియకుండా ఇంకొకరి చేతిలో ఉంది. కేసుకు ఆధారమని చూపిన ఉత్తరాలను అలా దూరినవాడే పెట్టాడని నివేదిక చెప్పింది. ఎన్ఐఏ దీన్ని ఒప్పుకోలేదు. కోర్టు విచారణలో ఇది ఇంకా తేలలేదు. తేలేలోపు ఒక మనిషి చనిపోయాడు, మిగతావాళ్లకు ఏళ్లకేళ్లు జైల్లో పోయాయి.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, నెట్‌వైర్ ఆకాశం నుంచి ఊడిపడ్డ ఆయుధం కాదు. తక్కువ డబ్బుకు బజారులో దొరికిన సరుకు. దానికి తలుపు తీసింది నమ్మకం. మనకు వాట్సాప్‌లో "పీఎం కిసాన్ లిస్టు" అని, "చలాన్ కట్టండి" అని ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి చూడండి, డబ్బులు దోచే దొంగలు పంపేవి. పద్ధతి అదే. రేపు "పోడు పట్టాల తాజా జాబితా" అనే పేరుతో రావచ్చు. మీరు తెరవకుండా ఉంటారా?

ఇంకొంచెం దగ్గరికి రండి, గోదావరి దాటితే బస్తర్. 2019 మేలో వాట్సాప్ తనలోని ఒక లోపాన్ని కనిపెట్టింది. ఒక వీడియో కాల్ వస్తుంది. ఎత్తక్కర్లేదు. మిస్డ్ కాల్ అయినా సరే, ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ తయారుచేసిన పెగాసస్ ఫోన్‌లోకి దూరగలదు. ప్రపంచమంతా దాదాపు 1,400 ఫోన్ల మీద ఈ దాడి జరిగిందని చెప్పి అక్టోబర్‌లో ఆ కంపెనీ మీద వాట్సాప్ కేసు వేసింది. మన దేశంలో దాడికి గురైనట్టు సమాచారం అందుకుని బయటికి చెప్పినవాళ్లలో ఎవరున్నారు? బస్తర్‌లో ఉండే బేలా భాటియా. ఆదివాసీల కేసులు వాదించే లాయర్ షాలినీ గేరా. ఛత్తీస్‌గఢ్‌లో దళిత, ఆదివాసీ హక్కుల కోసం తిరిగే డిగ్రీ ప్రసాద్ చౌహాన్. నాగపూర్ లాయర్ నిహాల్‌సింగ్ రాఠోడ్. ప్రభుత్వాలకే అమ్ముతామని ఎన్ఎస్ఓ చెప్పుకునే సాఫ్ట్‌వేర్ ఇది. దీన్ని మన ప్రభుత్వం కొన్నదా లేదా అని సుప్రీంకోర్టు అడిగినా సూటి జవాబు రాలేదు. 2021 అక్టోబర్‌లో కోర్టు వేసిన కమిటీకి 29 ఫోన్లు అందాయి. ఐదింటిలో ఏదో మాల్‌వేర్ కనిపించింది, అది పెగాసస్ అని తేల్చలేకపోయింది. ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు కోర్టే 2022 ఆగస్టులో బహిరంగంగా అంది. అమెరికాలో మాత్రం వాట్సాప్ వేసిన కేసులో ఎన్ఎస్ఓదే బాధ్యత అని 2024 డిసెంబర్‌లో కోర్టు తేల్చింది. దాడి జరిగిన దేశంలో దొరకని జవాబు కంపెనీ కేసు వేసిన దేశంలో దొరికింది.

"అవన్నీ పెద్ద పెద్దోళ్లకు, మనలాంటోళ్లకెందుకు?" అనుకునేవాళ్లు మన తెలంగాణ సంగతి చూడండి. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో, ఎస్ఐబీ, ఎందుకు పుట్టింది? మావోయిస్టుల సమాచారం కోసం. అంటే మన అడవుల మీద, మన గూడేల మీద చెవి పెట్టడం కోసం. ఏళ్ల తరబడి మన ఫోన్లు వింటుంటే పట్నంలో ఎవరికీ పట్టలేదు. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో కేసు నమోదయ్యాక బయటపడ్డ ఆరోపణలేమిటి? అదే విభాగం ప్రతిపక్ష నాయకుల ఫోన్లు, వ్యాపారుల ఫోన్లు, జర్నలిస్టుల ఫోన్లు, ఆఖరికి హైకోర్టు జడ్జి ఫోన్ మీద కూడా చెవి పెట్టిందని. 2023 ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని. కేసు నడుస్తోంది, ఎవరు దోషో కోర్టు చెప్పాలి. మనం చెప్పాల్సింది వేరే ఉంది. అడవి పేరు చెప్పి తెచ్చిన పరికరం అడవి దగ్గర ఆగదు. మన మీద వాడినప్పుడు నోరు మూసుకున్న పట్నం పెద్దలకు ఇది అర్థమైతే బాగుండేది. ఇప్పుడైనా అర్థమైందా అంటే, వాళ్ల ఫోన్ల గురించి టీవీల్లో నెలల తరబడి చర్చ. మన ఫోన్ల గురించి ఒక్క పూట లేదు.

మరి చట్టం లేదా? ఉంది. 1996 డిసెంబర్‌లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఫోన్ వినడానికి హోం కార్యదర్శి స్థాయి అధికారి ఉత్తర్వు ఉండాలంది, గడువు పెట్టింది, సమీక్షా కమిటీ ఉండాలంది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. కాగితం మీద ఎంతో బాగుంది. కానీ ఉత్తర్వు ఇచ్చేది అధికారులే, సమీక్షించేదీ అధికారులే. మధ్యలో జడ్జి లేడు. మన ఫోన్ విన్నారని మనకు చెప్పేవాడు లేడు. ఒక సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్రం ఇచ్చిన జవాబు ప్రకారం కేంద్ర ప్రభుత్వమే సగటున నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఇలాంటి ఉత్తర్వులు ఇచ్చేది. ఇది పదేళ్ల కిందటి మాట. నెలకు అన్ని వేల కాగితాలను ఒక హోం కార్యదర్శి చదివి, ఆలోచించి సంతకం పెడతాడా? మీరే చెప్పండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం కంపెనీల మీద కొన్ని షరతులు పెట్టి, దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే దారి ఉంచింది. అదే చట్టంతో సమాచార హక్కు చట్టానికి కత్తెర వేశారు. మన సంగతి వాళ్లకు తెలియాలి, వాళ్ల సంగతి మనకు తెలియకూడదు. చట్టం మీద పోరాడాలి, తప్పదు. కానీ చట్టం మారేదాకా ఫోన్ తెరిచి కూర్చోలేం.

ఇక రెండో రకం మాట. ఇది యువకుల నోట ఎక్కువ వింటున్నాను. "ఎంత చేసినా వాళ్లు చూస్తరన్నా. పెగాసస్ ముందు మనమెంత?" ఇది తెలివైన మాటలా కనిపించే ఓటమి. పెగాసస్‌కు కోట్లు ఖర్చవుతుంది. ప్రతి గూడెంలో ప్రతి ఫోన్ మీద దాన్ని వాడరు, వాడలేరు. కానీ మామూలు కాల్ రికార్డు వాళ్లకు చేతిలో పని. మీరు ఎవరికి చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఏ టవర్ కింద ఉన్నారు, అన్నీ కంపెనీ దగ్గర ఉంటాయి, అడిగితే వస్తాయి. మీరు మాట్లాడిన మాట వినక్కర్లేదు, ఎవరితో మాట్లాడారో తెలిస్తే సగం కథ తెలిసినట్టే. అంతకన్నా చవక, మీరే లాక్ తీసి ఇచ్చిన ఫోన్. అంతకన్నా చవక, మూడు వందల మంది ఉన్న గ్రూపులో ఒక్కడు తీసిన స్క్రీన్‌షాట్. 1940లో జోడేఘాట్ కొండల్లో ఉన్న కొమురం భీమ్ జాడ నిజాం పోలీసులకు చెప్పింది ఒక మనిషని పెద్దలు చెప్తారు. ఆ మనిషిని ఆనాడు వెతికి, బెదిరించి, ఆశ చూపి తిప్పుకోవాల్సి వచ్చింది. ఇవాళ ఆ శ్రమ కూడా లేకుండా మన జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాం, రోజూ చార్జింగ్ కూడా మనమే పెడుతున్నాం.

అందుకే చవక దారులన్నీ మూసేద్దాం. వినాలంటే ఉత్తర్వు తెచ్చుకోవాలి, దూరాలంటే కోట్లు పెట్టాలి, తెరవాలంటే లాబ్‌కు పంపాలి. ఇనుప తలుపు పెట్టలేకపోయినా తడిక అయినా వేసుకుందాం. తడిక లేని ఇంట్లోకి కుక్క కూడా దూరుతుంది.

ఏం చేయాలో చెప్తాను. ఇవి మనలాంటి ఐదారు వేల, పది వేల రూపాయల ఫోన్ వాడేవాళ్ల కోసం.

ఒకటి. పోగేయకండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఫోన్‌లో లేనిదాన్ని ఏ యంత్రమూ బయటికి తీయలేదు. ఆధార్ ఫొటో పంపాల్సిన చోటికి పంపారా, అప్పుడే చెరిపేయండి, ట్రాష్‌లో నుంచి కూడా. హక్కుల కమిటీ కాగితాలు ట్రంకు పెట్టెలో ఉండనివ్వండి, మన తాతలు పట్టాలు దాచినట్టు. కాంటాక్టుల్లో పేరు పక్కన పని రాయకండి. ఇది రోజువారీ అలవాటు కావాలి. కేసు పడ్డాక, నోటీసు వచ్చాక కంగారుగా చెరపొద్దు. సాక్ష్యం మాయం చేశారని దాని మీద ఇంకో కేసు పెడతారు.

రెండు. లాక్. గీతలు గీసే లాక్ తీసేయండి, అద్దం మీద వేలి జాడ కనిపిస్తుంది, పక్కనోడు చూసినా తెలిసిపోతుంది. కనీసం ఆరు అంకెల పిన్ పెట్టండి, పుట్టిన తేదీ కాకుండా. వేలిముద్ర, మొహం లాక్ సుఖమే, కానీ వేలు పట్టుకుని అద్దం మీద పెట్టడానికి ఎంతసేపు? ధర్నాకు పోయేటప్పుడు, స్టేషన్‌కు పోయేటప్పుడు వాటిని తీసేసి ఫోన్ ఆఫ్ చేయండి. ఆఫ్ చేసి ఆన్ చేశాక ఒక్కసారి కూడా పిన్ కొట్టని ఫోన్‌ను తెరవడం యంత్రాలకు కూడా కష్టం.

మూడు. మాట. మామూలు కాల్, మామూలు ఎస్ఎంఎస్ పోస్టుకార్డు లాంటివి. "బస్సు ఎక్కిన" అని చెప్పడానికి చాలు. పేర్లు, చోట్లు, కేసుల సంగతులు సిగ్నల్‌లో మాట్లాడండి, మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే గడువు పెట్టండి. వాట్సాప్‌లో మాట దారిలో ఎవరూ వినలేరు, నిజమే. కానీ ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారో కంపెనీకి తెలుస్తుంది. పైగా బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో తాళం లేకుండా ఉండిపోవచ్చు. ఆ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టండి, లేదా ఆపేయండి. లింక్డ్ డివైజెస్ అని ఉంటుంది, వారానికోసారి చూడండి. రెండు నిమిషాలు మీ ఫోన్ ఎవరి చేతికైనా పోతే వాళ్ల కంప్యూటర్‌లో మీ చాట్ తెరిచి పెట్టుకోవచ్చు. టెలిగ్రామ్ రహస్యం అనుకునేవాళ్లకు ఒక మాట. అందులో మామూలు చాట్‌లు, గ్రూపులు ఏవీ ఆ విధంగా తాళం వేసినవి కావు.

నాలుగు. గ్రూపులు. మూడు వందల మంది ఉన్న గ్రూపు బజారుతో సమానం. అందులో పోస్టర్ పెట్టండి, తీర్మానం పెట్టండి, ఫలానా రోజు సభ అని పెట్టండి. పని మాట్లాడుకునే గ్రూపు పది మందికి మించొద్దు, ఆ పది మందినీ మొహం చూసి చేర్చుకోవాలి. పని అయిపోగానే ఆ గ్రూపు తీసేయాలి.

ఐదు. ఫైళ్లు, లింకులు. ఎంత దగ్గరివాళ్లు పంపినా, అనుకోకుండా వచ్చిన ఫైలు తెరిచే ముందు ఆ మనిషికి ఫోన్ చేసి "నువ్వే పంపినవా?" అని అడగండి. విల్సన్ దగ్గర తప్పింది ఆ ఒక్క కాలే. ప్లే స్టోర్ బయట నుంచి వచ్చిన ఏపీకే దేన్నీ ఎక్కించొద్దు. అప్‌డేట్ వస్తే వాయిదా వేయొద్దు.

ఆరు. ఫొటోలు. ధర్నాలో అందరి మొహాలూ లైవ్ పెట్టేది పోలీసులు కాదు, మనమే. లైకుల కోసం. వెనక నుంచి తీయండి, జెండాలు తీయండి, చేతులు తీయండి. మొహం కనిపించాల్సి వస్తే అడిగి పెట్టండి, లేకపోతే మసక చేయండి. సిగ్నల్‌లోనే ఆ పని చేసుకోవచ్చు. ఆడవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యంలో జంతువుల కోసం పెట్టిన కెమెరాలు అడవికి పోయే ఆడవాళ్లను ఎలా వెంటాడాయో 2024లో కేంబ్రిడ్జ్ పరిశోధకుడు ఒకరు అధ్యయనంలో రాశారు. ఒక మహిళ ఫొటో అలా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. అది చేసినోళ్లను తిడతాం. మరి మనం అడగకుండా పెట్టే ఫొటోలు?

ఏడు. పట్టుకున్నప్పుడు. లాయర్ నంబర్ ఫోన్‌లో కాదు, మనసులో ఉండాలి, లేదా చేతి మీద పెన్నుతో రాసుకోవాలి. ఫోన్ తీసుకుంటే జప్తు పంచనామా, దాని కాపీ అడగండి. కొత్త బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదాను, జప్తును వీడియో తీయాలి. అడగండి, తీయలేదంటే లాయర్‌తో రాయించండి. హ్యాష్ వాల్యూ అని ఒకటుంటుంది, ఫోన్‌లో ఆ క్షణాన ఉన్న సమాచారానికి వేలిముద్ర లాంటిది. తర్వాత ఒక్క అక్షరం కలిపినా అది మారిపోతుంది. అది రాసి ఇమ్మని అడగండి. ఇవ్వకపోవచ్చు, అయినా అడిగినట్టు రికార్డులో ఉండాలి. పిన్ చెప్పి తీరాలా అంటే, రాజ్యాంగం 20(3) మనకు వ్యతిరేకంగా మనమే సాక్ష్యం చెప్పక్కర్లేదంటుంది. పాస్‌వర్డ్ దాని కిందికి వస్తుందా రాదా అని కోర్టులు రెండు రకాలుగా చెప్పాయి. కాబట్టి "లాయర్‌తో మాట్లాడాక చెప్తా" అనేదే సరైన జవాబు. తెల్ల కాగితం మీద సంతకం ఎప్పుడూ వద్దు. తిరిగొచ్చిన ఫోన్‌ను పాత ఫోన్ అనుకుని వాడొద్దు. సెర్బియాలో పోలీసులు స్టేషన్‌లో తీసుకున్న ఫోన్లలో నిఘా సాఫ్ట్‌వేర్ ఎక్కించి తిరిగిచ్చారని 2024 డిసెంబర్‌లో ఆమ్నెస్టీ బయటపెట్టింది. కేసులో ఆ ఫోన్‌తో ఇక పని లేదని లాయర్ చెప్పాక పూర్తిగా ఖాళీ చేయండి, వీలైతే మార్చండి.

ఇంత చెప్పాక ఇంకో హెచ్చరిక కూడా చెప్పకపోతే తప్పు చేసినవాణ్ని అవుతాను. నిఘా గురించి మాట్లాడడం మొదలెట్టగానే మనలో ఒక జబ్బు పుడుతుంది. "వాడు ఇన్ఫార్మరేమో, ఈమె మెసేజ్ ఎందుకు చదివి జవాబియ్యలే" అని. అనుమానంతో సంఘాలు చీలిపోయాయి, మనుషుల ప్రాణాలే పోయాయి, మన అడవులకు ఆ చరిత్ర బాగా తెలుసు. నిఘా కోరుకునేది కూడా అదే, మనం ఒకరినొకరు నమ్మకుండా పోవడం. పైన చెప్పిన నియమాలు ఎవరినీ అనుమానించడానికి కాదు. అందరికీ ఒకే నియమం ఉంటే ఎవరినీ వేరుగా చూడక్కర్లేదు. అన్న ఫోన్ కూడా బయట బుట్టలోనే, కొత్తగా వచ్చిన చెల్లె ఫోన్ కూడా బయట బుట్టలోనే. అంతకన్నా మేలు, ముఖ్యమైన మాటకు ఫోన్లు ఇంట్లోనే వదిలి రావడం. ఒక్క చోట, ఒక్క నిమిషంలో పది ఫోన్లు ఆఫ్ అయితే అదీ ఒక సమాచారమే.

అన్నిటికన్నా భద్రమైన దారి మన దగ్గర ముందు నుంచే ఉంది. చెట్టు కింద కూర్చుని మొహం చూసి మాట్లాడుకోవడం. సంతకు పోయినప్పుడు కబురు చెప్పుకోవడం. టవర్ లేని ఊర్లని మనల్ని వెక్కిరించారు కదా, ఆ ఊర్లు పెద్ద పెద్ద పోరాటాలు నడిపాయి. ఫోన్ వదిలేయమని చెప్పట్లేదు. రాత్రికి రాత్రి బుల్‌డోజర్ వస్తే నలుగురికి తెలిసేది ఫోన్ వల్లే, లాఠీ దెబ్బలను లోకం చూసేది ఫోన్ వల్లే. మనం దాన్ని వాడుకోవాలి, దానికి ఊరిని అప్పగించకూడదు.

ఈ ఆదివారం మీ సంఘం మీటింగులో ఒక గంట దీనికి ఇవ్వండి. పాటలు, ప్రసంగాలు అయ్యాక కాదు, ముందే. ఒక్కొక్కరి ఫోన్ తీసి, పిన్ పెట్టించి, పాత ఆధార్ ఫొటోలు చెరిపించి, బ్యాకప్ సరిచేయించండి. చదువుకున్న పిల్లలు పెద్దోళ్ల పక్కన కూర్చుని ఓపికగా చేయాలి. అక్కలకు అక్కలే నేర్పితే ఇంకా మంచిది.

మొదట చెప్పిన ఆ తమ్ముడు ఇప్పుడు మా దగ్గర ఆ పనే చేస్తున్నాడు. ఊరూరా తిరిగి ఫోన్లు సరిచేస్తాడు. ఇంకా అవ్వ గడపకు పోలేదు. ఎప్పుడు పోతావురా అంటే, "అవ్వ నంబర్ ఎవ్వరి ఫోన్ల లేకుంట చేసినంక పోతనన్నా" అంటాడు.

జల్, జంగల్, జమీన్ మనవి. వాటి కోసం మాట్లాడుకునే మాట కూడా మనదే. జోహార్!